డల్‌గా మోగే సొంత ట్యూబ్ యాంప్‌ను బ్రైట్ చేసుకోవడం: మొదటి నుంచి చివరి దాకా

సొంతంగా కట్టిన గిటార్ యాంప్ కుండలో మాట్లాడినట్టు మోగుతుంటే చాలామంది ముందుగా కొత్త ట్యూబులు ఆర్డర్ పెడతారు. డబ్బులు పోతాయి, టోన్ మాత్రం పెద్దగా మారదు. ఇళ్లలో కట్టిన యాంపుల్లో ట్రెబుల్ చాలాసార్లు ఉండనే ఉంటుంది. బేస్ అవసరానికి మించి ఉండి దాన్ని కప్పేస్తుంది. అందుకే ఇక్కడ బేస్ తగ్గించే పనులు ముందు, ట్రెబుల్ పెంచే పనులు తర్వాత పెట్టాను. వరస మార్చి ముందే ట్రెబుల్ పెంచితే, కింది తీగలు ముద్దగా, పై తీగలు చెవిలో గుచ్చుకునేలా, రెండు జబ్బులూ కలిసి వస్తాయి.

ఉదాహరణగా ఫెండర్ ట్వీడ్ డీలక్స్ 5ఈ3 సర్క్యూట్ తీసుకుంటాను. 1950ల నాటి డిజైన్ ఇది. ఇంట్లో కట్టేవాళ్లు ఇప్పటికీ ఇష్టంగా కట్టేది. ఒక 12ఏవై7, ఒక 12ఏఎక్స్7, రెండు 6వి6లు, 5వై3 రెక్టిఫయర్, ఒక 12 అంగుళాల స్పీకర్, ఒకే ఒక్క టోన్ నాబ్. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి అదుపు చేసే ఏర్పాటు) లేదు. సింగిల్ కాయిల్ పికప్‌తో (పికప్ అంటే తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) హాయిగా ఉంటుంది. హంబకర్ (రెండు కాయిల్స్ పికప్) ఉన్న గిటార్ పెట్టి వాల్యూమ్ పెంచితే మాత్రం కింది రెండు తీగలు ముద్దయిపోతాయి. మీది మార్షల్ తరహాది అయినా, చిన్న ఫెండర్ ఛాంప్ అయినా పద్ధతి ఇదే. విలువలే మారతాయి.

1. ముందు కరెంటు సంగతి

ఈ యాంప్ లోపల 350 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉంటుంది. అది ప్రాణం తీసే వోల్టేజి. ప్లగ్ పూర్తిగా తీసేయండి. 100 కిలోఓమ్, 3 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్రొకడైల్ క్లిప్ వైర్లు కట్టి, ఒక కొస ముందు ఛాసిస్‌కి, రెండోది మొదటి ఫిల్టర్ కెపాసిటర్ ప్లస్‌కి పెట్టండి. 16 మైక్రోఫారడ్‌లవి మూడు ఉంటే అర నిమిషంలో దిగిపోతుంది. దిగిందని నమ్మకండి, మల్టీమీటర్‌తో చూడండి. పది వోల్టుల లోపు ఉంటేనే చెయ్యి పెట్టాలి. పని చేసినంతసేపూ ఆ క్లిప్ అలాగే ఉండనివ్వండి, ఆన్ చేసేముందు గుర్తుపెట్టుకుని తీయండి.

ఇంకో రెండు మాటలు. స్పీకర్ గానీ, సరిపడా డమ్మీ లోడ్ (స్పీకర్ బదులు పెట్టే పెద్ద రెసిస్టర్) గానీ లేకుండా యాంప్ ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అమెరికా నుంచి కిట్ తెప్పించుకున్నవాళ్లు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ మన 230 వోల్టులకి సరిపోతుందో లేదో చూసుకోవాలి. 120 వోల్టులదే అయితే స్టెప్‌డౌన్ తప్పనిసరి. మూడో పిన్ను ఎర్త్‌ని ఎవరెన్ని చెప్పినా తీసేయకండి.

2. యాంప్ విప్పకముందు చేయాల్సినవి

యాంప్ నేల మీద, మీరు దాని పక్కన నిలబడి వాయిస్తున్నారా? 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ని టార్చ్ లైటులాగా నేరుగా ముందుకే పంపుతుంది. అది మీ మోకాళ్ల పక్కనుంచి వెళ్లిపోతుంది, మీ చెవికి బేస్ ఒక్కటే చేరుతుంది. యాంప్‌ని కుర్చీ మీద పెట్టండి, లేదా వెనక్కి వాల్చండి. గోడ మూల నుంచి జరపండి, మూలలో బేస్ ఇంకా ఉబ్బుతుంది. పైసా ఖర్చు లేని ఈ పనితోనే కొంతమందికి సమస్య తీరిపోతుంది.

తర్వాత కేబుల్. గిటార్ కేబుల్‌కి మీటరుకి ఇంచుమించు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. అది పికప్ ఇండక్టెన్స్‌తో కలిసి ఒక రెజొనెన్స్, అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర లేచే శిఖరం, తయారుచేస్తుంది. గిటార్ ట్రెబుల్ ఎక్కడ మెరవాలో, ఎక్కడ ఆగిపోవాలో అదే నిర్ణయిస్తుంది. 4.5 హెన్రీల హంబకర్‌కి కేబుల్, వైరింగ్ కలిపి 700 పికో తగిలితే ఆ శిఖరం 2.8 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. 400 పికోకి తగ్గిస్తే 3.75 దాకా జరుగుతుంది. తేడా స్పష్టంగా వినిపిస్తుంది. మూడు మీటర్ల కేబుల్‌తో ఒకసారి వాయించి చూడండి.

ఇన్‌పుట్ జాక్‌ల దగ్గర మోసపోవడం చాలా మామూలు. ఫెండర్ తరహా జంట జాక్‌లలో రెండో దానికి గుచ్చితే రెండు 68 కిలోఓమ్‌లు డివైడర్ అయిపోతాయి. సిగ్నల్ సగమవుతుంది, గిటార్‌కి కనిపించే లోడ్ 1 మెగాఓమ్ నుంచి 136 కిలోఓమ్‌లకి పడిపోతుంది, దాంతో ట్రెబుల్ చస్తుంది. జాక్ స్విచ్ కాళ్లు తప్పుగా కలిపితే మొదటి జాక్ కూడా అలాగే ప్రవర్తిస్తుంది. పరీక్ష తేలిక: యాంప్ ఆఫ్‌లో ఉండగా మొదటి జాక్‌లో కేబుల్ గుచ్చి, రెండో కొస దగ్గర టిప్‌కి (ప్లగ్ కొనకి), స్లీవ్‌కి (దాని ఒంటికి) మధ్య ఓమ్‌లు కొలవండి. 1 మెగాఓమ్ చుట్టుపక్కల రావాలి. 136 కిలో వస్తే దొంగ దొరికినట్టే.

5ఈ3లో నార్మల్, బ్రైట్ అని రెండు ఛానెళ్లు ఉంటాయి. వాటి రెండు వాల్యూమ్ నాబ్‌లు ఒకదాని మీద ఒకటి ప్రభావం చూపిస్తాయి. మీరు వాడని ఛానెల్ వాల్యూమ్ తిప్పినా టోన్ మారుతుంది. దాన్ని మెల్లగా తిప్పుతూ వినండి. చాలామందికి తెలియని రెండో టోన్ నాబ్ అది.

వీలైతే స్నేహితుడి దగ్గరున్న ఇంకో గిటార్ క్యాబినెట్‌కి, అదే ఇంపీడెన్స్‌ది, మీ యాంప్ కలిపి వినండి. ఒక్కసారిగా తెరుచుకుంటే ఇక సోల్డరింగ్ ఐరన్ అక్కర్లేదు, నేరుగా స్పీకర్ దగ్గరికి వెళ్లండి.

3. పోల్చుకోవడానికి ఒక రికార్డింగ్

ఫోన్‌ని స్పీకర్‌కి మీటరు దూరంలో ఒకచోట పెట్టి, ఒకే చిన్న రిఫ్ రికార్డు చేసుకోండి. లూపర్ పెడల్ ఉంటే ఇంకా మంచిది, మీ చెయ్యి మారినా రిఫ్ మారదు. ప్రతి మార్పు తర్వాత అదే చోట, అదే గట్టిదనంతో మళ్లీ రికార్డు చేయాలి. గట్టిదనం ముఖ్యం ఎందుకంటే కొంచెం గట్టిగా మోగినది మన చెవికి ఎప్పుడూ బ్రైట్‌గానే అనిపిస్తుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. మూడు కెపాసిటర్లు ఒకేసారి మార్చినవాళ్లకి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

4. తప్పు పార్టు పడిందేమో చూడండి

సర్క్యూట్ మార్చే ముందు, అసలు సర్క్యూట్ సరిగ్గా కట్టారో లేదో చూడాలి. 68 కిలోఓమ్ రెసిస్టర్ రంగులు నీలం, బూడిద, నారింజ. 680 కిలోఓమ్‌కి నీలం, బూడిద, పసుపు. మసక వెలుతురులో నారింజకీ పసుపుకీ తేడా తెలియదు. గ్రిడ్ (ట్యూబులోకి సిగ్నల్ వెళ్లే కాలు) ముందు 68 కిలో బదులు 680 కిలో పడిందనుకోండి, ట్యూబ్ లోపలి కెపాసిటెన్స్ 100 పికో అనుకున్నా 2.3 కిలోహెర్ట్జ్ నుంచే ట్రెబుల్ కోత మొదలవుతుంది. యాంప్ పాడవదు, హమ్ రాదు, పొగ రాదు. డల్‌గా మోగుతుంది, అంతే.

కెపాసిటర్ల మీద రాతలూ ఇంతే. 471 అంటే 470 పికో, 472 అంటే 0.0047 మైక్రో, 473 అంటే 0.047, 104 అంటే 0.1. టోన్ నాబ్ దగ్గర ఈ పొరపాటు పడితే తేడా దారుణంగా ఉంటుంది. 5ఈ3 టోన్ నాబ్ ఒక చివర 500 పికో ద్వారా ట్రెబుల్‌ని ముందుకు దాటిస్తుంది, రెండో చివర 0.005 మైక్రో ద్వారా గ్రౌండ్‌కి పంపేస్తుంది. 472 ఉండాల్సిన చోట 473 పెడితే ట్రెబుల్‌తో పాటు మిడ్స్ (మధ్య స్వరాలు) కూడా పోతాయి. పాట్ (నాబ్ వెనక ఉండే తిప్పే రెసిస్టర్) చివరి కాళ్లు తారుమారు అయితే నాబ్ ఉల్టాగా పనిచేస్తుంది: 12 దగ్గర డల్, 1 దగ్గర బ్రైట్. నవ్వొచ్చినా సరే, ఒకసారి పూర్తిగా వెనక్కి తిప్పి వినండి.

ఆసిలోస్కోప్ ఉన్నవాళ్లు ఇన్‌పుట్‌కి 100 హెర్ట్జ్, 1 కిలో, 5 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్‌లు 20 మిల్లీవోల్టుల్లో ఇచ్చి, ఒక్కో స్టేజి తర్వాత చూసుకుంటూ పోవచ్చు. ప్రోబ్ 10ఎక్స్‌లోనే పెట్టండి. 1ఎక్స్‌లో ప్రోబే 100 పికో దాకా లోడ్ వేస్తుంది, లేని డల్‌నెస్ మీకు కనిపిస్తుంది. ప్లేట్ (ట్యూబు నుంచి సిగ్నల్ బయటికొచ్చే కాలు) మీద హై వోల్టేజి కాబట్టి కప్లింగ్ కెపాసిటర్ దాటిన తర్వాత చూడటం క్షేమం. మామూలు మల్టీమీటర్ ఏసీ రేంజిని ఈ పనికి నమ్మకండి, చాలావాటికి 1 కిలోహెర్ట్జ్ దాటితే లెక్క తప్పుతుంది.

5. బేస్ తగ్గించడం: క్యాథోడ్ కెపాసిటర్

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ప్రీయాంప్ ట్యూబు క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే భాగం) రెసిస్టర్‌కి సమాంతరంగా 25 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉంటుంది. అది ఉన్నందువల్ల ఆ స్టేజి పూర్తి గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) ఇస్తుంది. దాని విలువ తగ్గిస్తే పై ఫ్రీక్వెన్సీలకి గెయిన్ అలాగే ఉండి కింది వాటికి తగ్గుతుంది. ట్రెబుల్‌ని ముట్టుకోకుండా బేస్‌ని దించే పద్ధతి ఇది. ఎక్కువ దించినా సుమారు 6 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది కాబట్టి యాంప్ పల్చబడిపోదు. అందుకే నాకు దీని మీద ఇష్టం.

ఏ ట్యూబు దగ్గర మార్చాలన్నది ముఖ్యం. 5ఈ3 మొదటి ట్యూబు 12ఏవై7లో రెండు సగాలూ ఒకే 820 ఓమ్ రెసిస్టర్ పంచుకుంటాయి. అక్కడ కెపాసిటర్ పూర్తిగా తీసేసినా ఒక ఛానెల్‌కి వచ్చే తేడా 2 డెసిబెల్స్ లోపే. చాలామంది ముందు అక్కడే మార్చి, ఏం తేడా లేదని నిరాశపడతారు. రెండో ట్యూబు 12ఏఎక్స్7 మొదటి సగం దగ్గరికి రండి. 1.5 కిలోఓమ్ రెసిస్టర్, 25 మైక్రో కెపాసిటర్. ఇక్కడ గరిష్ఠ తేడా 5.7 డెసిబెల్స్.

25 మైక్రో ఉన్నప్పుడు బేస్ కోత 8 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, అంటే వినిపించేంత కోత లేనట్టే. గిటార్ కింది ఈ తీగ 82 హెర్ట్జ్. కెపాసిటర్‌ని 2.2 మైక్రో చేస్తే కోత 93 హెర్ట్జ్ దగ్గరికి, 1 మైక్రో చేస్తే 205 దగ్గరికి వస్తుంది. మార్షల్ వాళ్లు 2.7 కిలోఓమ్‌తో 0.68 మైక్రో వాడారు, అది 230 హెర్ట్జ్ దాటుతుంది. మార్షల్ గర్జనలో బేస్ ముద్దకట్టకపోవడానికి ఇదొక కారణం. సింగిల్ కాయిల్ వాళ్లు 2.2తో, హంబకర్ వాళ్లు 1తో మొదలుపెట్టండి. ఇక్కడ వోల్టేజి ఒకటి రెండు వోల్టులే, 25 వోల్టుల రేటింగ్ చాలు. పోలారిటీ చూసుకోండి.

6. బేస్ తగ్గించడం: కప్లింగ్ కెపాసిటర్లు

ఒక స్టేజి నుంచి ఇంకో స్టేజికి సిగ్నల్ దాటించేవి ఇవి. ఎంత బేస్ కోస్తుందన్నది ఆ కెపాసిటర్ ఒక్కదాని విలువతో తేలదు, దాని ఎదుట ఉన్న రెసిస్టెన్స్ కూడా లెక్కలోకి వస్తుంది. 6వి6 గ్రిడ్‌ల దగ్గర 220 కిలోఓమ్‌లు ఉంటాయి. అక్కడ 0.1 మైక్రో 7 హెర్ట్జ్ దాకా బేస్‌ని వదిలేస్తుంది. 0.022 పెడితే 33 హెర్ట్జ్. 0.01 పెడితే 72. ఎదుట 1 మెగాఓమ్ ఉంటే 0.022 అయినా 7 హెర్ట్జే, తేడా వినిపించదు. అక్కడ 0.0047 దాకా దిగితే 34 వస్తుంది.

6వి6ల దగ్గర 0.022 పెట్టడానికి ఇంకో మంచి కారణం ఉంది. వాల్యూమ్ పెంచి గట్టిగా కొట్టినప్పుడు 6వి6 గ్రిడ్ కరెంట్ లాగి ఆ కెపాసిటర్‌ని ఛార్జ్ చేస్తుంది. పెద్ద కెపాసిటర్ ఆ ఛార్జ్ వదలడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ఆ లోపు తర్వాతి స్వరం నలిగిపోతుంది. 5ఈ3లో వినిపించే ఆ పుసుపుసు బేస్‌లో ఇదీ ఒక వాటా. రెండు 6వి6లకీ ఒకే విలువ పెట్టాలి. రేటింగ్ 400 వోల్టులకి తగ్గకూడదు, 630 దొరికితే అదే తీసుకోండి. హైదరాబాద్ కోఠీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాలిస్టర్, పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్లు దొరుకుతాయి. గిటార్ యాంప్‌కి అవి నిక్షేపంలా పనిచేస్తాయి. వేల రూపాయల బొటిక్ కెపాసిటర్ల వల్ల డల్ యాంప్ బ్రైట్ అవదు.

ఈ రెండు మెట్లు అయ్యాక ఒక రోజు ఆగి, మళ్లీ పాత రికార్డింగ్‌తో పోల్చండి. ఇక్కడితో చాలనిపించవచ్చు.

7. ట్రెబుల్ పెంచడం: బ్రైట్ కెపాసిటర్

వాల్యూమ్ తగ్గించినప్పుడే యాంప్ ఎక్కువ డల్‌గా ఉందా? అయితే ఈ మెట్టు మీకే. 12ఏఎక్స్7 గ్రిడ్‌కి, ప్లేట్‌కి మధ్య ఉన్నది 1.7 పికో మాత్రమే. కానీ ట్యూబు గెయిన్ 60 ఉంటే మిల్లర్ ఎఫెక్ట్ వల్ల ముందున్న స్టేజికి అది వంద పికోకి పైగా కనిపిస్తుంది. వైర్లది కలిపితే 120 అనుకోండి. మామూలుగా కట్టిన 1 మెగాఓమ్ వాల్యూమ్ పాట్ రెసిస్టెన్స్ సగంలో ఉన్నప్పుడు 250 కిలోఓమ్‌ల ఇంపీడెన్స్ చూపిస్తుంది. ఆ రెండూ కలిసి 5.3 కిలోహెర్ట్జ్ దగ్గర కోత పెడతాయి. ఆ దారిలో అడుగు పొడవు షీల్డ్ వైరు వాడితే ఇంకో 30 పికో. అందుకని షీల్డ్ వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

మందు: పాట్ మీద సిగ్నల్ లోపలికి వచ్చే కాలికి, బయటికి వెళ్లే కాలికి మధ్య చిన్న కెపాసిటర్. ట్రెబుల్ పాట్‌ని దాటుకుని వెళ్లిపోతుంది. డీలక్స్ రివర్బ్‌లో ఫెండర్ 47 పికో పెట్టింది, ట్విన్ రివర్బ్‌లో స్విచ్‌తో 120. మార్షల్ సూపర్ లీడ్‌లో ఏకంగా 5000, అది వాల్యూమ్ తగ్గిస్తే గాజు గీసినట్టుంటుంది. 5ఈ3 బ్రైట్ ఛానెల్‌కి టోన్ నాబ్‌లో 500 పికో ఎలాగూ ఉంది, మీరు పెట్టాల్సింది నార్మల్ ఛానెల్‌కి. 100 లేదా 120తో మొదలుపెట్టండి. సిరామిక్ గానీ సిల్వర్ మైకా గానీ, 500 వోల్టులది. ముందు క్రొకడైల్ క్లిప్‌లతో తగిలించి వినండి, మార్చిన ప్రతిసారీ ఆఫ్ చేసి డిశ్చార్జ్ చేసి. వాల్యూమ్ పూర్తిగా పెంచితే దీని ప్రభావం సున్నా అవుతుంది. ఫుల్ వాల్యూమ్‌లో డల్‌గా ఉన్న యాంప్‌కి బ్రైట్ కెపాసిటర్ పెట్టి లాభం లేదు.

12ఏవై7 తీసి 12ఏఎక్స్7 పెడితే బ్రైట్ అవుతుందని కొందరంటారు. గెయిన్ పెరుగుతుంది, డిస్టార్షన్ తొందరగా వస్తుంది. కానీ గెయిన్‌తో పాటు మిల్లర్ కెపాసిటెన్స్ కూడా పెరుగుతుంది. ముద్దగా ఉన్న యాంప్ ఇంకాస్త ముద్దవుతుంది.

ట్రెబుల్, మిడిల్, బేస్ మూడు నాబ్‌లున్న యాంప్ అయితే స్లోప్ రెసిస్టర్ (టోన్ సర్క్యూట్‌లో బేస్, మిడ్స్ వైపు సిగ్నల్ పంపేది) చూడండి. మార్షల్‌లో 33 కిలోఓమ్, ఫెండర్ బ్లాక్‌ఫేస్‌లో 100 కిలోఓమ్. 33 ఉన్నచోట 56 పెడితే మిడ్స్ తగ్గి ట్రెబుల్ పైకి తేలుతుంది. పార్టు ఖరీదు రూపాయో రెండో.

8. స్పీకర్

సర్క్యూట్‌లో మీరు చేసే ఏ మార్పు కన్నా స్పీకర్ మార్పు పెద్దది. ఇంట్లో కట్టినవాళ్లు ఖర్చంతా ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్ల మీద పెట్టేసి, చివరికి చేతికి దొరికిన హైఫై వూఫర్‌నో, కార్ సబ్‌వూఫర్‌నో బిగిస్తారు. వూఫర్ కోన్ బరువుగా ఉంటుంది. పై ఫ్రీక్వెన్సీలకి ట్వీటర్ ఉంటుందన్న లెక్కతో దాన్ని తయారుచేస్తారు. గిటార్ స్పీకర్ కోన్ పల్చని కాగితం. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కావాలనే ఒక ఉబ్బు ఉంటుంది, 5 దాటాక దిగిపోతుంది. గిటార్ 'కట్' అని మనం అనేది ఆ ఉబ్బునే. అది లేని స్పీకర్‌కి సర్క్యూట్ నుంచి ఎంత ట్రెబుల్ పంపినా బయటికి రాదు.

అసలు 5ఈ3లో ఉన్నది జెన్సన్ పీ12ఆర్, ఆల్నికో మాగ్నెట్ ది, 8 ఓమ్‌లు. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ మెత్తగా, మిడ్స్ ఎక్కువగా ఉంటుంది. వింటేజ్ 30లో పై మిడ్స్ బాగా ముందుకొస్తాయి, డల్ యాంప్‌కి అది మందే, ఇప్పటికే బ్రైట్‌గా ఉన్నదానికి శిక్ష. సెన్సిటివిటీ అంకె కూడా చూడండి. 97 డెసిబెల్స్ బదులు 100 డెసిబెల్స్ స్పీకర్ పెట్టడం, యాంప్ పవర్ రెట్టింపు చేసినంత. వాల్యూమ్ తక్కువలో పెట్టి అంతే గట్టిగా వాయించొచ్చు, అప్పుడు బేస్ ముద్దకట్టడం కూడా తగ్గుతుంది. కొత్త స్పీకర్ మొదట్లో బిగుసుగా ఉండి, వాయించేకొద్దీ మెత్తబడుతుంది. మొదటి గంటలోనే తీర్పు చెప్పకండి.

స్పీకర్ కూడా సరైనదే, అన్నీ చేశారు, ఇంకా డల్‌గానే ఉందంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని అనుమానించాలి. పాత రేడియో నుంచి పీకినదో, ఎవరో అంచనాతో చుట్టినదో అయితే లీకేజ్ ఇండక్టెన్స్ (రెండు చుట్టల మధ్య అయస్కాంత బంధం పూర్తిగా లేకపోవడం వల్ల వచ్చేది) ఎక్కువై ట్రెబుల్ అక్కడే ఆగిపోవచ్చు. స్కోప్‌లో గ్రిడ్‌ల దాకా 5 కిలోహెర్ట్జ్ బాగా వచ్చి, 8 ఓమ్‌ల డమ్మీ లోడ్ దగ్గర పడిపోతుంటే కారణం అదే. దానికి మార్చడం తప్ప దారి లేదు.

9. కీచుమని అరిస్తే

ట్రెబుల్ పెంచిన యాంప్ ఆసిలేట్ అయ్యే (తనంతట తానే మోగే) ప్రమాదం ఉంది. వాల్యూమ్ పూర్తిగా పెంచి, టోన్ పూర్తిగా తిప్పి, గిటార్ లేకుండా వినండి. కీచుమన్నా, హిస్ హఠాత్తుగా మారినా, తీగ మోగించినప్పుడు వెనక చిరుచిరు శబ్దం వచ్చినా వైర్లు చూడాలి. ప్లేట్‌కి వెళ్లే వైర్లు, గ్రిడ్‌కి వెళ్లే వైర్లు పక్కపక్కన సాగకూడదు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైర్లని ఇన్‌పుట్ జాక్ వైపు రానివ్వకండి. వైరు కదిపి చూసేటప్పుడు పొడి చెక్క పుల్ల వాడండి, ఇంకో చెయ్యి జేబులో పెట్టుకోండి. ఫేజ్ ఇన్వర్టర్ (రెండు అవుట్‌పుట్ ట్యూబులకీ ఎదురుబదురు సిగ్నల్ ఇచ్చే స్టేజి) ప్లేట్ల మధ్య 47 పికో లాంటి చిన్న కెపాసిటర్ ఉన్న సర్క్యూట్లలో, ట్రెబుల్ తినేస్తోందని దాన్ని పీకేస్తుంటారు కొందరు. వినికిడికి అందని ఆసిలేషన్‌ని ఆపడానికే అది ఉన్నది. స్కోప్ లేకుండా దాని జోలికి వెళ్లకండి.